పరిశోధనశాలలో మానవ హెచ్‌ఎస్‌పీ-70 ప్రోటీన్: అంతర్విష కాలుష్యం నేర్పిన పాఠం

సంగ్రహం

ఈ. కోలై బాక్టీరియాలో తయారుచేసిన పునఃసంయోజిత మానవ ప్రోటీన్లు నేడు పశువైద్య, పశుపోషణ, జీవసాంకేతిక పరిశోధనశాలలన్నింటిలోనూ వాడుకలో ఉన్నాయి. సీసాపై ముద్రించిన శుద్ధత శాతం చూసి వాటిని నేరుగా కణాలపై ప్రయోగించడం పరిపాటి. అయితే బాక్టీరియా కణకవచం నుండి ప్రోటీన్‌తో పాటు వెంట వచ్చే అంతర్విషం, అనగా ఎండోటాక్సిన్, అతి స్వల్ప పరిమాణంలోనే రోగనిరోధక కణాలను ఉత్తేజపరచి పరిశోధకుని తప్పుదారి పట్టించగలదు. మానవ హెచ్‌ఎస్‌పీ-70 ప్రోటీన్ విషయంలో జరిగినది ఇదే. ఆ ఉదంతాన్ని ఆధారం చేసుకొని పునఃసంయోజిత ప్రోటీన్ల ఎంపిక, పరీక్ష, నిర్వహణలలో స్నాతకోత్తర విద్యార్థులు పాటించవలసిన పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

ముఖ్య పదాలు: పునఃసంయోజిత ప్రోటీన్, హెచ్‌ఎస్‌పీ-70, ఎండోటాక్సిన్, లిమ్యులస్ పరీక్ష, మాక్రోఫేజ్ కణాలు, నియంత్రణ ప్రయోగాలు

పరిచయం

వేసవి ఎండలు పాడిపశువులపైనా కోళ్లపైనా చూపే ప్రభావాన్ని అధ్యయనం చేసే ప్రతి పరిశోధకునికీ హెచ్‌ఎస్‌పీ-70 సుపరిచితమైన పేరు. 1962లో ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోసా, పండ్ల ఈగ లాలాజల గ్రంథుల క్రోమోసోములలో వేడి తగిలినప్పుడు కొన్ని భాగాలు ఉబ్బడాన్ని గమనించాడు. ఆ ఉబ్బిన చోట్ల జన్యువులు చురుకుగా పనిచేస్తూ కొన్ని ప్రత్యేక ప్రోటీన్లను ఉత్పత్తి చేస్తాయని 1974 నాటికి తెలిసింది. ఉష్ణాఘాత ప్రోటీన్లు అని పిలువబడే ఈ వర్గంలో సుమారు 70 కిలోడాల్టన్ల అణుభారం గలది హెచ్‌ఎస్‌పీ-70. వేడి వలన వంపులు సడలిన ఇతర ప్రోటీన్లు ఒకదానికొకటి అంటుకొని గడ్డకట్టకుండా కాపాడి, తిరిగి సరైన ఆకృతి పొందేందుకు తోడ్పడడం దీని పని. ఈ పనికి అవసరమైన శక్తిని ఏటీపీ విచ్ఛిత్తి ద్వారా పొందుతుంది.

మనిషిలో ఈ ప్రోటీన్ 641 అమైనో ఆమ్లాల గొలుసు. దీని నిర్మాణం బాక్టీరియా మొదలు పశువుల వరకు పెద్దగా మారకుండా నిలిచి వచ్చింది. ఈ. కోలైలో దీనికి సాటియైన డీఎన్‌ఏకే అనే ప్రోటీన్‌లో సుమారు సగం అమైనో ఆమ్లాలు మానవ ప్రోటీన్‌తో సరిపోలుతాయి. ఆవు, గేదెలతో మానవ ప్రోటీన్‌కు గల పోలిక ఇంకా చాలా ఎక్కువ. అందుచేతనే గేదె హెచ్‌ఎస్‌పీ-70 అందుబాటులో లేని సందర్భాలలో పరిశోధకులు విపణిలో లభించే మానవ ప్రోటీన్‌ను ప్రామాణిక నమూనాగానో, కణాలపై ప్రయోగించే ద్రవ్యంగానో వాడుతూ ఉంటారు. ఆ వాడకంలో పొంచి ఉన్న ఒక చిక్కును ఈ పాఠంలో పరిశీలిద్దాం.

తయారీ విధానం: మలినాలు ఎక్కడ చేరుతాయి?

మానవ జన్యువు నుండి ప్రోటీన్ సంకేతాన్ని తీసి ప్లాస్మిడ్ అనే వర్తులాకార డీఎన్‌ఏలో అమర్చి, దానిని ఈ. కోలై కణాలలో ప్రవేశపెడతారు. బాక్టీరియా తగినంత పెరిగిన తరువాత ఐపీటీజీ అనే రసాయనాన్ని చేర్చగా జన్యువు పనిచేయడం మొదలై, కొద్ది గంటలలో మానవ ప్రోటీన్ విస్తారంగా తయారవుతుంది. పిమ్మట కణాలను పగులగొట్టి, ఆ ద్రవాన్ని నికెల్ అయాన్లు గల స్తంభం గుండా పంపుతారు. ప్రోటీన్ చివర ముందుగా చేర్చిన ఆరు హిస్టిడిన్ల తోక నికెల్‌ను పట్టుకొని నిలిచిపోతుంది. మిగిలినవి చాలావరకు కొట్టుకొని పోతాయి. హెచ్‌ఎస్‌పీ-70కు ఏటీపీని పట్టుకొనే గుణం ఉన్నందున ఏటీపీ బంధించిన స్తంభాలను కూడా ఉపయోగించడం కద్దు.

ఈ దశలను జాగ్రత్తగా గమనిస్తే మలినం ఎక్కడ చేరుతుందో స్పష్టమవుతుంది. ఈ. కోలై గ్రామ్-రుణాత్మక బాక్టీరియా. దాని బాహ్య త్వచం వెలుపలి పొర లైపోపాలీశాకరైడ్ అణువులతో నిర్మితమై ఉంటుంది. మనం అంతర్విషం లేదా ఎండోటాక్సిన్ అని పిలిచేది ఈ అణువునే. కణాలను పగులగొట్టినప్పుడు ప్రోటీన్‌తో పాటు ఇది కూడా ద్రవంలో కలుస్తుంది. దీని కొవ్వు భాగం ప్రోటీన్ల జలవిముఖ ప్రాంతాలకు అంటుకొంటుంది. సడలిన ప్రోటీన్లను పట్టుకోవడమే వృత్తిగా గల హెచ్‌ఎస్‌పీ-70 వంటి వాటి విషయంలో ఈ ప్రమాదం మరింత గమనింపదగినది. దీనికి తోడు ఈ. కోలై సొంత డీఎన్‌ఏకే ప్రోటీన్ కూడా శుద్ధి స్తంభంలో వెంట రావచ్చు. పరిమాణంలో రెండూ దాదాపు సమానం కావడం వలన జెల్‌పై ఒకే పట్టీగా కనిపించే అవకాశం ఉంది.

శుద్ధత శాతం చెప్పనిది

విక్రయ సంస్థలు సీసాపై 'శుద్ధత 95 శాతానికి పైన' అని ముద్రిస్తాయి. ఈ సంఖ్య సాధారణంగా ఎస్‌డీఎస్ జెల్‌పై ప్రోటీన్లను వేరుచేసి, కుమాసీ రంగు వేసి నిర్ణయించినది. ఆ రంగు ప్రోటీన్లకు అంటుకొంటుంది; లైపోపాలీశాకరైడ్‌కు అంటుకోదు. కాబట్టి ప్రోటీన్ మలినాలు ఎన్ని ఉన్నాయో ఆ శాతం చెబుతుంది గాని, అంతర్విషం ఎంత ఉన్నదో చెప్పజాలదు.

భారం లెక్కన చూసినా ఇదే తేలుతుంది. ఒక మైక్రోగ్రాము ప్రోటీన్‌లో 0.2 నానోగ్రాముల అంతర్విషం ఉన్నదనుకొందాం. అది మొత్తం భారంలో 0.02 శాతం మాత్రమే. అంటే ఆ ప్రోటీన్ 99.98 శాతం శుద్ధమైనదని చెప్పినా అబద్ధం కాదు. కాని ఆ 0.02 శాతమే ప్రయోగ ఫలితాన్ని పూర్తిగా శాసించగలదు. ఇందుకు హెచ్‌ఎస్‌పీ-70 ఉదంతమే నిదర్శనం.

హెచ్‌ఎస్‌పీ-70 ఉదంతం

2000 ప్రాంతంలో ఒక ఆసక్తికరమైన ప్రతిపాదన రోగనిరోధక శాస్త్రంలో ప్రాచుర్యం పొందింది. కణం దెబ్బతిన్నప్పుడు బయటికి వచ్చే హెచ్‌ఎస్‌పీ-70, మాక్రోఫేజ్ కణాలను స్వయంగా ఉత్తేజపరచి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా వంటి వాపు సంకేతాలను విడుదల చేయిస్తుందని ఆ ప్రతిపాదన సారాంశం. ఈ సంకేతం సీడీ-14, టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకాల ద్వారా అందుతుందని కూడా ప్రయోగాలు సూచించాయి. వాడిన ప్రోటీన్ చాలా సందర్భాలలో ఈ. కోలైలో తయారైన పునఃసంయోజిత మానవ హెచ్‌ఎస్‌పీ-70.

ఇక్కడ విద్యార్థి ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన విషయం ఉంది. సీడీ-14, టీఎల్‌ఆర్-4 రెండూ అంతర్విషాన్ని గుర్తించే గ్రాహకాలే. టీఎల్‌ఆర్-4 లోపించిన ఎలుకల కణాలు స్పందించకపోవడాన్ని 'హెచ్‌ఎస్‌పీ-70 ఈ గ్రాహకం ద్వారా పనిచేస్తుంది' అనడానికి సాక్ష్యంగా చూపవచ్చు. 'ఉన్నది హెచ్‌ఎస్‌పీ-70 ప్రభావం కాదు, అంతర్విష ప్రభావం' అనడానికీ అదే సాక్ష్యం సరిపోతుంది. రెండు ఊహలకూ సమానంగా సరిపోయే సాక్ష్యం దేనినీ నిరూపించదు.

2003లో గావ్, త్సాన్ అనే శాస్త్రవేత్తలు 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ఈ చిక్కుముడిని విప్పారు. వారు అంతర్విష పరిమాణం భిన్నంగా ఉన్న రెండు రకాల పునఃసంయోజిత మానవ హెచ్‌ఎస్‌పీ-70ని ఎలుక మాక్రోఫేజ్ కణాలపై పోల్చి చూశారు. మొదటి దానిలో మైక్రోగ్రాముకు 1.4 పికోగ్రాముల అంతర్విషం మాత్రమే ఉంది. దానిని మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల వరకు వాడినా టీఎన్‌ఎఫ్-ఆల్ఫా విడుదల కాలేదు. తక్కువగా శుద్ధిచేసిన రెండవ దానిలో మైక్రోగ్రాముకు 0.2 నానోగ్రాముల అంతర్విషం ఉంది. దానిని మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము వాడగానే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా విడుదలైంది. ఆ విడుదల, ప్రోటీన్ ఏమీ లేకుండా మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాముల అంతర్విషం మాత్రమే చేర్చినప్పటి విడుదలతో సమానం. మొత్తం స్పందనను అంతర్విషమే వివరించినప్పుడు ప్రోటీన్‌కు ఆపాదించడానికి మిగిలినదేమీ లేదు. అదే ఏడాది హెచ్‌ఎస్‌పీ-60 విషయంలోనూ వారు ఇటువంటి ఫలితాన్నే ప్రకటించారు.

వేడి పరీక్ష ఎందుకు మోసగించింది?

అంతర్విషం కలిసిందేమోనన్న అనుమానం అంతకుముందు పరిశోధకులకు రాలేదని కాదు. దానిని తోసిపుచ్చడానికి వారు వాడిన పరీక్షలలో వేడి పరీక్ష ముఖ్యమైనది. దీని తర్కం తేలికగా అర్థమవుతుంది: మరిగిస్తే ప్రోటీన్ చెడిపోతుంది, అంతర్విషం చెడదు, కనుక మరిగించిన తరువాత స్పందన ఆగిపోతే, అంతకుముందు కనిపించినది ప్రోటీన్ ప్రభావమే.

ఈ తర్కంలోని లోపాన్ని కూడా 2003 నాటి అధ్యయనం బయటపెట్టింది. 0.2 నానోగ్రాముల వంటి స్వల్ప గాఢతలో అంతర్విషం ప్రభావం కూడా వేడికి తగ్గిపోయింది. హెచ్‌ఎస్‌పీ-70 నమూనా ప్రభావం ఎంత తగ్గిందో అదీ అంతే తగ్గింది. అధిక గాఢతలో అంతర్విషం వేడిని తట్టుకొంటుందన్న పాఠ్యపుస్తక వాక్యాన్ని స్వల్ప గాఢతకు అన్వయించడమే ఇక్కడ జరిగిన పొరపాటు. నమూనాలో ఎంత అంతర్విషం ఉన్నదో అంతే పరిమాణం గల స్వచ్ఛమైన అంతర్విషాన్ని పక్కనే ఉంచి మరిగించి ఉంటే ఈ సంగతి మొదటి రోజే తెలిసేది.

పాలిమిక్సిన్-బి అనే యాంటీబయోటిక్ అంతర్విషపు కొవ్వు భాగాన్ని బంధించి దాని ప్రభావాన్ని అడ్డుకొంటుంది. ఆ అధ్యయనంలో నమూనా ప్రభావాన్నీ, స్వచ్ఛమైన అంతర్విష ప్రభావాన్నీ ఇది ఒకే స్థాయిలో తగ్గించింది. అయితే పాలిమిక్సిన్-బి పరీక్షకూ పరిమితులున్నాయి. బాక్టీరియా లైపోప్రోటీన్ల వంటి ఇతర మలినాలను అది అడ్డుకోదు. కనుక ఏ ఒక్క పరీక్షనూ చాలినదిగా భావించరాదు.

దీనిని బట్టి హెచ్‌ఎస్‌పీ-70కి రోగనిరోధక వ్యవస్థతో సంబంధమే లేదని నిర్ధారించరాదు. అది మోసుకొని వచ్చే పెప్టైడ్ ముక్కలను రోగనిరోధక కణాలు స్వీకరించడం వేరొక అంశం. అంతర్విషం కలిసిన ప్రోటీన్‌తో చేసిన ప్రయోగం, ప్రోటీన్ స్వయంగా వాపు సంకేతాలను విడుదల చేయిస్తుందని నిరూపించజాలదన్నంత వరకే ఈ పాఠం.

లేబుల్ సంఖ్యను లెక్కలోకి మార్చడం

అంతర్విషాన్ని సాధారణంగా ఎండోటాక్సిన్ యూనిట్లలో తెలుపుతారు. ఒక యూనిట్ సుమారు 0.1 నానోగ్రాము అంతర్విషానికి సమానం. బాక్టీరియా రకాన్ని బట్టి ఈ విలువ కొంత మారుతుంది. విపణిలోని అనేక ప్రోటీన్ల పత్రాలలో 'మైక్రోగ్రాముకు ఒక యూనిట్ కన్న తక్కువ' అని ఉంటుంది. ఇది వినడానికి భరోసాగా ఉన్నా, లెక్క వేసి చూడాలి.

అటువంటి ప్రోటీన్‌ను మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల చొప్పున కణాలకు చేర్చామనుకొందాం. గరిష్ఠంగా మిల్లీలీటరుకు 2 యూనిట్లు, అనగా 0.2 నానోగ్రాముల అంతర్విషం చేరవచ్చు. పై అధ్యయనంలో మొత్తం స్పందనకు కారణమైన గాఢత సరిగ్గా ఇంతే. విక్రయ సంస్థ ఇచ్చిన హామీ అక్షరాలా నిజమైనా, ప్రయోగం మాత్రం తప్పుదారి పట్టగలదు. 'మైక్రోగ్రాముకు 0.1 యూనిట్ కన్న తక్కువ' అని ఉన్న ప్రోటీన్‌నే తీసుకొన్నా, మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు వాడితే తిరిగి అదే 0.2 నానోగ్రాముల హద్దుకు చేరుకొంటాము. కాబట్టి చూడవలసినది ప్రోటీన్ మైక్రోగ్రాముకు ఎన్ని యూనిట్లన్నది మాత్రమే కాదు. కణాలున్న ద్రవంలో మిల్లీలీటరుకు చివరకు ఎంత అంతర్విషం చేరుతుందన్నది.

ఆ చివరి గాఢత ఎంతవరకు సహించదగినదో కణాలను బట్టి ఉంటుంది. మానవ మోనోసైట్లు మిల్లీలీటరుకు పదుల పికోగ్రాముల అంతర్విషానికే స్పందించగలవు. ఆవులు అంతర్విషానికి సున్నితమైనవి. కోళ్లు వాటితో పోలిస్తే ఎక్కువగా తట్టుకొంటాయి. ఎవరి కణాలపై పనిచేస్తున్నారో వారు ముందుగా స్వచ్ఛమైన అంతర్విషాన్ని వివిధ గాఢతలలో చేర్చి, తమ కణాలు స్పందించే కనిష్ఠ గాఢతను నిర్ణయించుకోవాలి.

అంతర్విషాన్ని కొలిచే పద్ధతి

1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్, లిమ్యులస్ అనే గుర్రపుడెక్క ఆకారపు సముద్రజీవి రక్తం గ్రామ్-రుణాత్మక బాక్టీరియా సోకినప్పుడు గడ్డకడుతుందని తెలిపాడు. ఆ తరువాత జాక్ లెవిన్‌తో కలిసి చేసిన కృషి ఫలితంగా ఆ జీవి రక్తకణాల సారంతో అంతర్విషాన్ని కొలిచే లిమ్యులస్ పరీక్ష రూపొందింది. ఈ జాతికి బంధువులైన జీవులు మన ఒడిశా, పశ్చిమ బెంగాల్ తీరాలలోనూ ఉన్నాయి. ఈ పరీక్షలో అంతర్విషాన్ని మొదట గుర్తించేది ఫ్యాక్టర్-సి అనే ఎంజైము. సింగపూర్ శాస్త్రవేత్తలు దీనిని కూడా పునఃసంయోజిత పద్ధతిలో తయారుచేయడంతో, ఆ జీవుల రక్తం అవసరం లేని పరీక్షలు అందుబాటులోకి వచ్చాయి.

లిమ్యులస్ పరీక్షలో రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది: శిలీంధ్రాలు, మొక్కల సారాలలో ఉండే బీటా-గ్లూకాన్లు మరొక మార్గంలో ఆ సారాన్ని గడ్డకట్టించి, లేని అంతర్విషాన్ని ఉన్నట్లు చూపుతాయి. మొక్కల సారాలతో పనిచేసే వ్యవసాయ పరిశోధనశాలలు దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఫ్యాక్టర్-సి పరీక్షకు ఈ ఇబ్బంది లేదు. రెండవది: ప్రోటీన్ అంతర్విషాన్ని కప్పివేస్తే, ఉన్నది లేనట్లు కనిపిస్తుంది. అందుచేత నమూనాకు తెలిసిన పరిమాణంలో అంతర్విషాన్ని చేర్చి, అందులో 50 నుండి 200 శాతం తిరిగి కొలతలో కనిపిస్తున్నదో లేదో సరిచూడాలి. ఈ హద్దుల మధ్య లేని ఫలితాన్ని అంగీకరించరాదు.

ఉపయోగాన్ని బట్టి ఎంపిక

ప్రతి ప్రయోగానికీ అత్యంత శుద్ధమైన, ఖరీదైన ప్రోటీన్ అవసరం లేదు. వెస్టర్న్ బ్లాట్‌లో గుర్తు పట్టీగా వాడినప్పుడు స్వల్ప అంతర్విషం వలన నష్టం లేదు. ఎలీసా పరీక్షలో ప్రామాణికంగా వాడినప్పుడు అసలు ప్రశ్న వేరు: మానవ ప్రోటీన్‌ను గుర్తించే ప్రతిదేహం గేదె ప్రోటీన్‌ను అంతే బలంగా గుర్తిస్తుందా? గేదె రక్తరసాన్ని క్రమంగా పలుచన చేసి, వచ్చిన వక్రరేఖ మానవ ప్రామాణిక రేఖకు సమాంతరంగా సాగుతున్నదో లేదో చూస్తే దీనికి సమాధానం దొరుకుతుంది. ప్రతిదేహాల తయారీకై జంతువులకు ఎక్కించేటప్పుడు అంతర్విషం జ్వరాన్నీ, అనవసర ప్రతిస్పందననూ కలిగించవచ్చు. జీవకణాలపై ప్రయోగించి వాపు సంకేతాలను కొలిచేటప్పుడు మాత్రం అంతర్విష నియంత్రణ లేని ఫలితానికి విలువ లేదు.

కణాలపై ప్రయోగానికి కనీస నియంత్రణలు

1. ప్రోటీన్ కరిగి ఉన్న బఫర్‌ను మాత్రమే చేర్చిన కణాలను ఒక నియంత్రణగా ఉంచాలి.
2. నమూనాలో కొలిచిన అంతర్విషానికి సమానమైన పరిమాణంలో స్వచ్ఛమైన అంతర్విషాన్ని విడిగా చేర్చి పోల్చాలి. అన్నింటిలోకి ముఖ్యమైన నియంత్రణ ఇదే.
3. మరిగించడం, పాలిమిక్సిన్-బి, ప్రోటీనేజ్-కె పరీక్షలలో దేనిని వాడినా, అదే పరీక్షను సమాన పరిమాణపు అంతర్విషంపై కూడా చేయాలి.
4. వీలైతే అదే ప్రోటీన్‌ను క్షీరద కణాలలో లేదా కీటక కణాలలో తయారైన రూపంలోనూ పరీక్షించాలి. భిన్న ఆతిథేయ కణాల నుండి వచ్చిన ప్రోటీన్లు రెండూ ఒకే ఫలితమిస్తే నమ్మకం పెరుగుతుంది. ఇందులోనూ అంతర్విష కొలత తప్పనిసరి. నీరు, గాజుసామాను నుండి కూడా అది చేరవచ్చు.
5. బాగా శుద్ధిచేసిన ప్రోటీన్ స్పందన కలిగించకపోతే, శుద్ధిలో అది చెడిపోలేదని చూపాలి. హెచ్‌ఎస్‌పీ-70 విషయంలో ఏటీపీ విచ్ఛిత్తిని, వేడికి చెడిన లూసిఫరేజ్ ఎంజైమును బాగుచేసే శక్తిని కొలవవచ్చు.
6. ఒకే తయారీ సంఖ్య గల సీసాలపై ఆధారపడక, కనీసం రెండు తయారీలతో ఫలితాన్ని సరిచూసి, తయారీ సంఖ్యను, అంతర్విష విలువను వ్యాసంలో నమోదు చేయాలి.

నిల్వ, నిర్వహణ

పొడి రూపంలో వచ్చిన ప్రోటీన్ సీసాను తెరిచే ముందు కొద్ది క్షణాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మూతకు అంటిన పొడి అడుగుకు చేరుతుంది. అంతర్విషం లేని నీటిని లేదా పత్రంలో సూచించిన బఫర్‌ను వాడి, గట్టిగా కుదపకుండా నెమ్మదిగా కరగనివ్వాలి. ఒకసారి వాడకానికి సరిపడే చిన్న భాగాలుగా పంచి -80 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరచాలి. పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే ప్రోటీన్ ముద్దకట్టి పనితనం కోల్పోతుంది. నిలకడ కోసం పశువుల సీరమ్ ఆల్బుమిన్ చేర్చితే, దానిలోని అంతర్విషాన్ని కూడా కొలవాలి.

ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వద్ద శుద్ధిచేస్తే బాక్టీరియా చస్తుంది గాని అంతర్విషం పూర్తిగా నశించదు. గాజుసామానును పొడి వేడిలో 250 డిగ్రీల వద్ద కనీసం 30 నిమిషాలు ఉంచడం ప్రామాణిక పద్ధతి. సొంతంగా తయారుచేసుకొన్న ప్రోటీన్ నుండి అంతర్విషాన్ని తొలగించడానికి ట్రైటాన్ ఎక్స్-114 ద్రావణ విభజన, పాలిమిక్సిన్-బి స్తంభాలు అనుకూలమైనవి. తొలగించిన తరువాత ప్రోటీన్ పరిమాణాన్నీ, పనితనాన్నీ తిరిగి కొలవాలి. ప్లాస్మిడ్ ప్రవేశపెట్టిన బాక్టీరియాను పెంచే పని పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వెలువడిన నిబంధనల పరిధిలోనిది కనుక సంస్థాగత జీవభద్రతా సంఘం అనుమతిని ముందుగా పొందాలి.

'పరిశోధన అవసరాలకు మాత్రమే' అన్న సూచనకు అర్థం, ఆ ప్రోటీన్‌ను మనుషుల లేదా పశువుల చికిత్సకు, రోగనిర్ధారణకు వాడరాదని. ప్రయోగానికి తగినదా కాదా అని పరీక్షించుకొనే బాధ్యత వాడేవారిదేనని కూడా ఆ సూచన గుర్తుచేస్తున్నది.

ముగింపు

సీసాలో మానవ హెచ్‌ఎస్‌పీ-70 ఉన్నది నిజమే, దాని శుద్ధత శాతమూ నిజమే. అయినా కణాలు స్పందించినది దానికి కాక, ప్రోటీన్‌తో కలిసి వచ్చిన పదివేలలో రెండు పాళ్ల అంతర్విషానికి. వేడి ఒత్తిడి వలన పశువులలో కలిగే మార్పులను అర్థం చేసుకొని, తగిన జాతుల ఎంపికకూ పోషణ పద్ధతులకూ దారి చూపవలసిన పరిశోధనలు ఇటువంటి పొరపాటుపై నిలబడితే, నష్టపోయేది పరిశోధకుడు ఒక్కడే కాదు. ఆ సిఫారసును నమ్మిన రైతు కూడా. లిమ్యులస్ పరీక్షకు పట్టే ఒక పూట సమయం, సమాన పరిమాణపు అంతర్విషంతో ఉంచే ఒక అదనపు నియంత్రణ ఆ నష్టాన్ని నివారించగలవు. కణాలపై పునఃసంయోజిత ప్రోటీన్‌ను ప్రయోగించే ప్రతి స్నాతకోత్తర విద్యార్థీ తన సిద్ధాంత గ్రంథంలోని సామగ్రి, పద్ధతుల అధ్యాయంలో ఈ రెండు అంశాలను తప్పక నమోదు చేయాలి.